మధ్యాహ్నం తాళం వేసే పార్కు ఎవరిది?

మాది హొళగుంద. కర్నూలు జిల్లా పడమటి అంచున, కర్ణాటకను ఆనుకుని ఉన్న మండల కేంద్రం. తెలుగులో కన్నడం, కన్నడంలో తెలుగు కలిసిపోయి మాట్లాడే ఊరు. చదువు కోసం ఊరు విడిచి పాతికేళ్ళు దాటింది. స్త్రీల శ్రమ మీద నేను చేసే పని మాత్రం నన్ను మళ్ళీ మళ్ళీ ఈ ప్రాంతానికే తీసుకొస్తూ ఉంటుంది. ఈసారి రాయబోయేది శ్రమ గురించి కాదు, శ్రమ లేని కాసేపటి గురించి. అది కూడా శ్రమకు సంబంధించిన విషయమేనని ఈ వ్యాసం చివరికి మీరూ ఒప్పుకుంటారని నా ఆశ.

ఈ ప్రాంతంలోని ఒక పట్టణంలో కొత్త పార్కు కడతామన్నారు. బస్టాండుకూ బజారుకూ మధ్య ఖాళీగా ఉన్న స్థలం. చుట్టూ దుకాణాలు పెరిగిపోయాయి, మేడల మీద మేడలు లేచాయి, ఊరి నడిబొడ్డున ఊపిరాడే చోటు అదొక్కటే మిగిలింది. పార్కు వస్తుందంటే సంతోషించని వాళ్ళెవరు? నేనూ సంతోషించాను. అభిప్రాయాలు చెప్పడానికి రమ్మని కొందరిని పిలిచారు, వాళ్ళలో నన్నూ పిలిచారు. గోడ మీద ప్లాను వేలాడదీశారు. చుట్టూ ప్రహరీ, ఒక పెద్ద గేటు, వాకింగ్ ట్రాక్, ఫౌంటెన్, పిల్లల ఉయ్యాలలు, ఫోటోలు దిగడానికి ఒక అలంకారపు కమాను. వేళలు పొద్దున అయిదు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. నిర్వహణ ఖర్చుకు చిన్న టిక్కెట్టు.

మరుగుదొడ్లు ఎక్కడ అని అడిగాను. "అందరి ఇళ్ళూ దగ్గరే గదా మేడం" అన్నారు. గదిలో ఉన్న ఇరవై మందిలో ఆడవాళ్ళం ఇద్దరమే. రెండో ఆవిడ ఒక వార్డు సభ్యురాలు. ఆమె పక్కన కూర్చున్న భర్త ఆమె తరఫున మాట్లాడుతున్నాడు. మధ్యాహ్నం ఎందుకు మూస్తారని కూడా అడగాలనుకున్నాను. అడగలేదు. అప్పటికే 'ప్రతిదానికీ వంకలు పెట్టే మనిషి' అన్న చూపు నా మీద పడింది. ఉద్యమాల్లో ఇన్నేళ్ళు తిరిగిన నాకే ఆ చూపు నోరు కట్టేసింది. ఆ రోజు అడగలేకపోయిన ప్రశ్నను ఇక్కడ అడుగుతున్నాను. మధ్యాహ్నం తాళం వేసే పార్కు ఎవరిది?

ఆ స్థలం నిజానికి ఖాళీ స్థలం కాదు. ప్లానులో దాన్ని తెల్లగా వదిలేశారు గానీ, సంత రోజున అక్కడికి పోయి చూడండి. గోనెపట్టా పరిచి టమోటాలు, పచ్చిమిరపకాయలు, ఆకుకూరలు అమ్మే ఆడవాళ్ళు ఒక పక్క. పల్లెల నుంచి వచ్చి ఆసుపత్రిలో చూపించుకుని, లేదా ఆధార్ పనో బ్యాంకు పనో చూసుకుని, తిరుగు బస్సు కోసం కాచుకునే ఆడవాళ్ళు మరో పక్క. వాళ్ళు నీడను బట్టి జరుగుతూ కూర్చుంటారు. ఎండ ఇటు తిరిగితే అటు, అటు తిరిగితే ఇటు. ఆ చివర సర్కారు కంప చెట్లు. వాటి చాటు దేనికి పనికొస్తుందో ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. రేపు ప్రహరీ లేస్తే వీళ్ళందరూ గోడకు బయట ఉంటారు. లోపల పచ్చగడ్డి ఉంటుంది, దాని మీద నడవరాదన్న బోర్డు ఉంటుంది.

పార్కు వద్దని నేననడం లేదు. పచ్చదనం, ఖాళీ స్థలం పట్టణవాసుల హక్కు. ఆ హక్కు కోసం కోర్టుల దాకా పోయినవాళ్ళున్నారు. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రి కట్టుకోవడానికి ఒక ట్రస్టుకు ఇచ్చేస్తే అక్కడి నివాసులు ఎదిరించారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పు ఇచ్చింది. బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసుగా అది ప్రసిద్ధం. పార్కు స్థలం పాలకుల ఇష్టం కాదు, ప్రజలది అని అప్పుడు స్థిరపడింది. మన పని అక్కడి నుంచి మొదలవుతుంది. ప్రజలంటే ఎవరు? ఆ మాటలో కూలికి పోయే స్త్రీ ఉందా? సంతలో కూరగాయలమ్మే స్త్రీ ఉందా?

చట్టాల్లో, పథకాల్లో పార్కులకు చోటు లేకపోలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలను మునిసిపాలిటీల పనుల్లో చేర్చింది. 2015 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన అమృత్ పథకంలోని పట్టణాల్లో ఆదోని కూడా ఉంది. ప్రధానంగా తాగునీరు, మురుగునీటి పారుదల కోసం వచ్చిన పథకం అది. పార్కులకు గరిష్ఠంగా 2.5 శాతం కేటాయించి, పిల్లలకు అనువుగా ఉండాలని ప్రత్యేకంగా చెప్పారు. మంచిదే. అయితే ఆ పిల్లలను చంకనేసుకుని, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదెవరు? ఉయ్యాల పక్కన ఎండలో నిలబడి కాపలా కాసేదెవరు? ఆమె కూర్చోవడానికి ఒక తిన్నె, దాని మీద కాస్త నీడ, దగ్గర్లో ఒక మరుగుదొడ్డి ఉండాలన్న ఆలోచన ప్లాను గీసే చేతికి ఎందుకు తట్టదు?

2014లో కేంద్రం వెలువరించిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ స్థలం ఉండాలని సూచించాయి. 2011 జనాభా లెక్కల నాటికే ఆదోని లక్షన్నర దాటింది, ఎమ్మిగనూరు లక్షకు దగ్గరైంది. ఆ కొలత ప్రకారం ఈ ఊళ్ళకు ఎంత స్థలం కావాలో ఎవరైనా గుణించుకోవచ్చు. అయితే ఈ లెక్కలో ఒక కిటుకు ఉంది. స్థలాన్ని మనుషుల సంఖ్యతో భాగిస్తే ఆడ, మగ, ధనిక, పేద అందరికీ సమానంగా పంచినట్టు కనిపిస్తుంది. ఇంట్లో అన్నం గిన్నెను ఇంటిల్లిపాదితో భాగించి అందరూ సమానంగా తింటున్నారని చెప్పడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. చివర తినే మనిషి ఎవరో మనకు తెలుసు.

కొలవాల్సింది స్థలాన్ని ఒక్కదాన్నే కాదు, సమయాన్ని కూడా. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో ఇంట్లో జీతం లేని ఇంటిపని చేస్తున్నవాళ్ళు స్త్రీలలో 81.2 శాతం, పురుషుల్లో 26.1 శాతం. అలా చేసేవాళ్ళలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. 2024 సర్వే నాటికి ఈ అంకెలు 289, 88 అయ్యాయి. అయిదేళ్ళలో ఆడవాళ్ళకు మిగిలింది పది నిమిషాలు. మగవాళ్ళ వాటా పెరగడం మాట అటుంచి అదీ తగ్గింది.

ఈ అంకెలను పార్కు గేటు మీది వేళల పక్కన పెట్టి చూడండి. పొద్దున అయిదు నుంచి తొమ్మిది వరకు హొళగుంద మండలంలో ఒక కూలి స్త్రీ ఏం చేస్తుంది? కసువు ఊడుస్తుంది, నీళ్ళు పడుతుంది, రొట్టెలు కాలుస్తుంది, పిల్లలను బడికి తయారు చేస్తుంది, సద్ది కట్టుకుని ఆటో ఎక్కుతుంది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు? చేను నుంచి తిరిగి వస్తుంది, మళ్ళీ పొయ్యి వెలిగిస్తుంది. పార్కు తెరిచి ఉన్న ఎనిమిది గంటలూ ఆమె రోజులో అత్యంత బిగువైన గంటలు. పట్టణానికి ఏదో పని మీద వచ్చినప్పుడు ఆమెకు చేతిలో మిగిలేది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు. పని అయిపోయి, బస్సు రాక, కాళ్ళు లాగుతూ ఉండే వేళ. సరిగ్గా అప్పుడు పార్కుకు తాళం వేసి ఉంటుంది. ఈ వేళలు ఎవరూ పనిగట్టుకుని ఆడవాళ్ళకు వ్యతిరేకంగా పెట్టినవి కావు. పొద్దున నడకకు, సాయంత్రం షికారుకు తీరిక ఉన్న మనిషిని మనసులో పెట్టుకుని పెట్టినవి. ఆ మనిషి ఉద్యోగస్తుడో వ్యాపారస్తుడో అయిన మగవాడు. అతని ఇంట్లో ఆ గంటల్లో పొయ్యి దగ్గర మరొకరున్నారు.

ఈ మాట అంటే కొందరు మిత్రులు, "పల్లెటూరి ఆడవాళ్ళు ఎంత నడుస్తారో మనకు తెలియదా? వాళ్ళకు వాకింగ్ ట్రాక్ ఎందుకు, పార్కు ఎందుకు?" అంటారు. ఇది సానుభూతిగా కనిపించే అన్యాయం. పత్తి చేలో రోజంతా వంగిన నడుముకు వాకింగ్ ట్రాక్ అక్కర్లేదు, నిజమే. వెనక్కి ఆనుకుని కూర్చునే చోటు కావాలి. పట్టణంలో కూర్చునే చోట్లు లేకపోలేదు. టీ కొట్టు బల్ల, కటింగ్ షాపు ముందు కుర్చీ, గుడి ముందు కట్ట, పల్లెల్లో రచ్చకట్ట. వీటి మీద ఆడవాళ్ళు కూర్చోకూడదని ఎక్కడా రాసి లేదు. కూర్చోరు, అంతే. మా ఊరి రచ్చకట్ట ముందు నుంచి పోయేటప్పుడు మా అమ్మ కొంగు తల మీదికి లాక్కుని అడుగు పెద్దది చేసేది. చిన్నప్పుడు నేను ఆమె వెనక పరిగెత్తేదాన్ని. ఆమె అక్కడ ఒక్కసారి కూడా ఆగగా నేను చూడలేదు.

బస్సు కోసం కాచుకున్న ఒక నడివయసు స్త్రీతో ఆ స్థలంలోనే మాట్లాడాను. పార్కు వస్తుందట, మీరు వస్తారా అని అడిగాను. "ఊరికే కూకోనీకె యాడన్నా జాగా ఉంటాదా అక్కా? పనీపాట ల్యాదా అంటారు. ఆస్పత్రి చీటీ చేతిలో ఉంటే ఎవురూ ఏమీ అనరు" అంది. ఆ చీటీ ఆమెకు మందుల కోసం ఎంత అవసరమో, బజారులో కూర్చోవడానికి కూడా అంతే అవసరం. బయట కనిపించడానికి స్త్రీకి ఎప్పుడూ ఒక కారణం ఉండాలి. నీళ్ళకు, కూలికి, గుడికి, ఆసుపత్రికి, పొదుపు సంఘం మీటింగుకు. ఏ కారణమూ లేకుండా బయట ఉన్న మగవాడు 'తీరిగ్గా ఉన్నాడు'. ఏ కారణమూ లేకుండా బయట ఉన్న స్త్రీ 'తిరుగుతోంది'. మన భాషలోనే ఈ రెండు మాటలకు ఎంత తేడా ఉందో గమనించండి.

ముంబయి నగరంలో స్త్రీల మీద పరిశోధన చేసి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్' అనే పుస్తకం తెచ్చారు. స్త్రీల భద్రత గురించి మాట్లాడటంతో ఆగకుండా, కారణం లేకుండా బయట ఉండే హక్కును అడగాలన్నది వాళ్ళ వాదన. ఆ పుస్తకం చదివినప్పుడు ఇది మహానగరాల మాట అనుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆసుపత్రి చీటీ సంగతి విన్నాక నా అభిప్రాయం మార్చుకున్నాను.

మన ఉద్యమ చరిత్రను కూడా ఇక్కడ ఒకసారి తలచుకోవాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమంలో వేలమంది గ్రామీణ స్త్రీలు బజారుకెక్కారు. రోడ్ల మీద కూర్చున్నారు, కలెక్టరు ఆఫీసుల ముందు కూర్చున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చేదాకా ఆ పట్టు వదల్లేదు. సంసారం కోసం, పిల్లల కోసం బజారుకెక్కిన స్త్రీని సమాజం మెచ్చుకుంది. అదే స్త్రీ తన కోసం, తన నడుము నొప్పి కోసం, పక్కింటామెతో నాలుగు మాటల కోసం అదే బజారులో కూర్చుంటే మెచ్చుకుందా? పోరాటానికి బయటికి రావచ్చు, విశ్రాంతికి రాకూడదు అన్న ఈ నియమాన్ని మనం కూడా పెద్దగా ప్రశ్నించలేదు. మన డిమాండ్ల పత్రాల్లో కూలి రేట్లున్నాయి, రేషన్ ఉంది, హింస ఉంది. తీరిక లేదు. తీరిక అడగడం మధ్యతరగతి విలాసమని మనకూ ఒక సంకోచం.

పార్కు ఒకసారి కట్టాక దానిలోకి ఎవరు రావాలన్న తగాదా అక్కడితో ఆగదు. హైదరాబాద్ ఇందిరా పార్కు కథ చూస్తే ఇది అర్థమవుతుంది. దాని పక్కనున్న ధర్నా చౌక్‌లో దశాబ్దాలుగా సంఘాలు, యూనియన్లు గొంతు వినిపించాయి. మనలో చాలామందిమి అక్కడ ఎండలో కూర్చున్నవాళ్ళమే. 2017లో తెలంగాణ ప్రభుత్వం అక్కడ ధర్నాలను ఆపేసి ఊరి బయటికి పొమ్మంది. ట్రాఫిక్ ఇబ్బంది, చుట్టుపక్కల నివాసుల ఇబ్బంది కారణాలుగా చూపించారు. 2018లో హైకోర్టు జోక్యం చేసుకున్నాక గాని అక్కడ మళ్ళీ ధర్నాకు వీలు కలగలేదు. తరవాత 2021 ఆగస్టులో అదే ఇందిరా పార్కు గేటు దగ్గర పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానరు కట్టారు. స్త్రీల హక్కుల కార్యకర్తలు నిలదీశాక నగరపాలక సంస్థ దాన్ని తీసేయించింది. మొదటిసారి అడ్డమైనది గొంతెత్తే మనిషి, రెండోసారి అడ్డమైనది ఇష్టపడిన మనిషి పక్కన కూర్చున్న అమ్మాయి. ప్రజల డబ్బుతో కట్టి ప్రజల పేరు పెట్టిన చోట కూడా 'మర్యాద గల ప్రజలు' వేరు, మిగతావాళ్ళు వేరు.

ఆ మర్యాదకు మన దేశంలో కులం వాసన ఎప్పుడూ ఉంటుంది. 1927లో మహాడ్‌లోని చవదార్ చెరువు నీళ్ళను దళితులు ముట్టుకోవడానికి అంబేడ్కర్ నాయకత్వంలో సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. అప్పటికే ఆ చెరువును అందరికీ తెరిచినట్టు మునిసిపాలిటీ తీర్మానం కాగితం మీద ఉంది. కాగితం మీద తెరిచిన గేటు నిజంగా తెరుచుకోవడానికి మనుషులు నడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఇవాళ పార్కుకు టిక్కెట్టు అయిదు రూపాయలా పది రూపాయలా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇద్దరు పిల్లలతో వచ్చిన కూలి స్త్రీ ఆ డబ్బుతో బస్సు ఛార్జీనో, పిల్లలకు బన్నులో చూసుకుంటుంది. టిక్కెట్టు దగ్గర కూర్చున్న మనిషి ఆమె చీరను, చెప్పులను, చేతిలోని సంచిని చూసే చూపు టిక్కెట్టు కంటే ఖరీదైనది.

మరి స్త్రీలకు ప్రత్యేకంగా మహిళా పార్కు కడితే? ఈ సూచన చాలామంది మంచి మనసుతోనే చేస్తారు. ఢిల్లీలో ఇటీవల పింక్ పార్కులన్నారు. అదే నగరంలో దర్యాగంజ్‌లో పర్దాబాగ్ అని స్త్రీల తోట ఎప్పటి నుంచో ఉంది. ఆదోని వంటి ఊళ్ళో పర్దా పాటించే ముస్లిం స్త్రీలకు, అత్తింటి కట్టడిలో ఉన్న కొత్త కోడళ్ళకు అలాంటి చోటే బయటికి తొలి అడుగు కావచ్చు. దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. కానీ ఊరికి ఒక్క పార్కే కట్టే స్తోమత ఉన్నప్పుడు, మూలన ఒక గులాబీ రంగు గది కట్టి మిగతాదంతా మగవాళ్ళకు వదిలేయడం పరిష్కారం కాదు. "మీకు వేరే ఉంది గదా, ఇక్కడెందుకు?" అన్న మాట ఆ మర్నాడే మొదలవుతుంది. అందరి పార్కులో స్త్రీలకు అనువైన భాగం ఉండాలి. అది పార్కు నడిమధ్య, నలుగురికీ కనిపించే చోట ఉండాలి.

ఇది సాధ్యమేనా అంటే, చేసి చూపించిన నగరాలున్నాయి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990ల నడుమ పరిశోధకులు పార్కుల్లో పిల్లలను గమనించారు. తొమ్మిదేళ్ళు దాటాక ఆడపిల్లలు పార్కుల నుంచి కనిపించకుండా పోతున్నారని తేలింది. మగపిల్లలు మధ్యలోని మైదానాన్ని ఆక్రమిస్తే, వాళ్ళతో తలపడే బదులు ఆడపిల్లలు తప్పుకుంటున్నారు. 1999లో ఆ నగరం రెండు పార్కులను మార్చి కట్టింది. ఒకే పెద్ద మైదానాన్ని చిన్న చిన్న భాగాలు చేసింది, దారులు పెంచింది, వాలీబాల్, బ్యాడ్మింటన్ వంటి ఆటలకు చోటిచ్చింది. ఆడపిల్లలు తిరిగి వచ్చారు. అడ్డంకి ఆడపిల్లల 'స్వభావం'లో లేదు, మైదానం గీసిన తీరులో ఉంది.

ఆ వియన్నా సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా ఊరి బడి మైదానం గుర్తొచ్చింది. అయిదో తరగతి దాకా కోకో ఆడిన మేము ఆ తరవాత వరండాలో నిలబడి మగపిల్లల కబడ్డీ చూసేవాళ్ళం. ఎవరూ వద్దనలేదు, మేమే తప్పుకున్నాం. మాతో ఆడినవాళ్ళలో కొందరికి ఆ తరవాత రెండు మూడేళ్ళకే పెళ్ళిళ్ళయ్యాయి. కొందరు సుగ్గికి పోయే అమ్మానాన్నల వెంట గుంటూరు మిరప చేలకు వెళ్ళి బడికి మళ్ళీ రాలేదు. మైదానం నుంచి తప్పుకోవడం మొదటి మెట్టు. అప్పుడది మాకు తెలియలేదు.

హొళగుంద ఇంకా పంచాయతీయే. పార్కు పట్టణాల సంగతి, మాకెందుకు అని ఇక్కడివాళ్ళు అనుకోవచ్చు. పంచాయతీల పనుల జాబితా అయిన పదకొండో షెడ్యూలులో పార్కు అన్న మాటే లేదు కూడా. కానీ బస్టాండు చుట్టూ కొట్లు పెరుగుతున్న ప్రతి మండల కేంద్రంలోనూ ఇవాళ ఖాళీగా ఉన్న నాలుగు సెంట్లు రేపు ఉండవు. ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఆలస్యంగా అడుగుతున్నది ఇక్కడ ముందుగా అడగవచ్చు. గ్రామసభలో అడగడానికి షెడ్యూలు అడ్డు రాదు.

పట్టణాల్లో అడిగే దారి కొంచెం కష్టం. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న మునిసిపాలిటీలకే వార్డు కమిటీలను రాజ్యాంగం తప్పనిసరి చేసింది. ఆదోని అంతటి ఊరు కూడా ఆ గీతకు కింద ఉంది. సగం వార్డుల్లో స్త్రీలు గెలిచినా, ఆ గోడ మీది ప్లాను ముందు జరిగినట్టు, మాట్లాడేది వేరొకరైతే ఆ సగం వల్ల ఒరిగేదేమిటి? అయితే చేతిలో వేరే పనిముట్లున్నాయి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులుండాలి, వాళ్ళలో మూడోవంతు స్త్రీలుండాలి. సంతలో గోనెపట్టా పరిచిన ఆ ఆడవాళ్ళను పార్కు పేరుతో తరిమే ముందు ఆ కమిటీకి సమాధానం చెప్పాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పార్కు ప్లాను, అంచనా వ్యయం, వేళలు, నిర్వహణ ఒప్పందం ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో పదకొండోది, స్త్రీలకు, పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు సురక్షితమైన బహిరంగ స్థలాలు 2030 నాటికి అందుబాటులో ఉండాలంటుంది. మన దేశం దాన్ని ఒప్పుకుంది. ఆ గడువుకు ఎంతో దూరం లేదు.

మనం అడగాల్సినవి పెద్ద ఖర్చువి కావు. పార్కు పొద్దుటి నుంచి రాత్రి దాకా మధ్యలో మూయకుండా తెరిచి ఉండాలి. టిక్కెట్టు ఉండకూడదు. నిలువెత్తు ప్రహరీకి బదులు లోపలివాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి కనిపించే కంచె చాలు. అరిస్తే వినిపించే దూరంలో మనుషులుండటమే ఆడవాళ్ళకు అసలైన కాపలా. నీళ్ళున్న మరుగుదొడ్డి, దాన్ని కడగడానికి జీతమిచ్చి పెట్టిన మనిషి, తాగునీళ్ళు ఉండాలి. అలంకారపు చెట్లకు బదులు వేప, కానుగ వంటి నీడనిచ్చే చెట్లు, వాటి కింద వీపు ఆనుకునే తిన్నెలు ఉండాలి. కూరగాయలమ్మే స్త్రీలకు గేటు పక్కనే నీడలో చోటుండాలి. వాళ్ళు కూర్చున్న చోట దీపం ఉంటుంది, మాట ఉంటుంది, మరో స్త్రీ ధైర్యంగా లోపలికి వస్తుంది. ఎవరు ఎవరితో కూర్చున్నారని అడిగే అధికారం కాపలాదారుకు ఉండకూడదు. ఇవన్నీ ప్లాను గీసాక అడిగితే వంకలు. గీయకముందు అడిగితే అవసరాలు.

అందుకే సంఘాల్లో పనిచేసే మిత్రులకు నాదొక సూచన. మీ ఊళ్ళో పార్కు స్థలం చూపించగానే ఒక సంత రోజు, ఒక మామూలు రోజు అక్కడ పొద్దుట ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా వంతులవారీగా కూర్చోండి. గంట గంటకూ ఎంతమంది ఆడవాళ్ళు, ఎంతమంది మగవాళ్ళు అక్కడ ఉన్నారో, ఏం చేస్తున్నారో రాసుకోండి. పెద్ద పరిశోధన అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు. ఆ లెక్క పట్టుకుని మునిసిపాలిటీకి వెళ్దాం. పార్కు కట్టిన ఏడాదికి మళ్ళీ అదే లెక్క తీద్దాం. స్త్రీల సంఖ్య పెరిగితే ఆ పార్కు మంచిది. తగ్గితే ఫౌంటెన్ ఎంత ఎత్తుకు చిమ్మినా ఆ డబ్బు మన దగ్గర నుంచి తీసుకుని మనల్ని గెంటేయడానికి వాడినట్టే.

నేనా పట్టణంలో లెక్క మొదలుపెట్టాను. ఈసారి మీటింగుకు ఒంటరిగా వెళ్ళను. గోనెపట్టాల ఆడవాళ్ళలో ముగ్గురు వస్తామన్నారు. మధ్యాహ్నం పెడితేనే వస్తామన్నారు. మీటింగు మధ్యాహ్నం పెట్టమని ఇవాళే ఉత్తరం రాశాను.